సెల్ఫ్ కొట్టగానే జీపులో కంప్యూటర్ ఆగిపోతోంది: బోర్డు తప్పా, వైరింగ్ తప్పా?

సర్వే_కొత్తగూడెం (మే 11, రాత్రి 9:10)
అందరికీ నమస్కారం. నాది భూముల సర్వే పని. డీజిల్ జీపులో వెనక సీటు పక్కన చిన్న కంప్యూటర్ బిగించుకున్నాను. మినీ-ఐటీఎక్స్ బోర్డు, 17 సెంటీమీటర్ల చదరం, ఆటమ్ 230 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే. లాప్‌టాప్ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. నా టోటల్ స్టేషన్‌కి (పొలం కొలిచే యంత్రం) సీరియల్ పోర్టు కావాలి, యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే డేటా మధ్యలో తెగిపోతోంది. ఈ బోర్డుకి సీరియల్ పోర్టు సొంతంగా ఉంది.

కంప్యూటర్ ఆన్‌లో ఉండగా సెల్ఫ్ కొడితే చాలు, రీస్టార్ట్ అవుతోంది. మొదట కీ లైన్ నుంచి కరెంటు ఇచ్చాను. సెల్ఫ్ తిప్పేటప్పుడు ఆ లైన్ ఆగిపోతుందని ఎవరో చెప్తే నేరుగా బ్యాటరీకి మార్చాను. అయినా అదే తీరు. ఇంకోటి, మధ్యాహ్నం జీపు ఎండలో ఉంటే లైటు వెలుగుతుంది గానీ స్క్రీన్ మీద ఏమీ రాదు. సాయంత్రం అయితే దానంతట అదే వస్తుంది. నిన్న 3 గంటల కొలతలు పోయాయి, రైతు పొలం గట్టు మీదే నిలబడి ఉన్నాడు. బోర్డు మార్చాలా, వైరింగ్ మార్చాలా?

ఆటోనగర్_వైరింగ్ (9:32)
బోర్డు మార్చు తమ్ముడూ. సెకండ్ హ్యాండ్ అన్నావు, అక్కడే తెలిసిపోయింది. విజయవాడలో 18 ఏళ్లుగా బండ్ల వైరింగ్ చేస్తున్నాను. నేరుగా బ్యాటరీ నుంచి తీశాక వైరులో ఏం తప్పుంటుంది? ఎండకి ఆగి సాయంత్రం వస్తోందంటే బోర్డు లోపలే ఏదో పాడైంది.

పద్మ_ల్యాబ్ (9:40)
మీరు వాడుతున్న పవర్ కార్డు, అంటే బ్యాటరీ కరెంటుని బోర్డుకి కావలసిన వోల్టులుగా మార్చి ఇచ్చేది, ఏదండీ? ఇన్‌పుట్ ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అని దాని మీద ఉంది?

సోల్డరింగ్_మాస్టారు (10:05)
బోర్డు మార్చమని చెప్పడం తేలిక. దాన్ని ఎవరైనా కొలిచారా? చిప్ లెవెల్ రిపేరులో 22 ఏళ్లు గడిపిన అనుభవంతో చెప్తున్నా, నా టేబుల్ మీదికి వచ్చిన బండి బోర్డుల్లో ఎక్కువ శాతం బండి కరెంటు చంపినవే. సెల్ఫ్ మోటారు తిరిగే క్షణంలో బ్యాటరీ 12.6 నుంచి 9కి, కొన్నిసార్లు ఇంకా కిందికి పడుతుంది. కంప్యూటర్ 12 వోల్టుల లైన్‌కి 5 శాతమే సడలింపు, అంటే 11.4 కంటే తగ్గకూడదు. అంత పడితే రీస్టార్ట్ అవ్వక ఏం చేస్తుంది? ఇది బోర్డు జబ్బు కాదు.

ఆటోనగర్_వైరింగ్ (10:21)
మాస్టారూ, బ్యాటరీ 9కి పడితే బండే స్టార్ట్ అవ్వదు. మీటర్ పెట్టి చూడమనండి.

సర్వే_కొత్తగూడెం (మే 12, ఉదయం 7:15)
ఇప్పుడే చూశాను. డిజిటల్ మీటర్ బ్యాటరీకి పెట్టి మా అబ్బాయి చేత సెల్ఫ్ కొట్టించాను. 10.1 వరకే పడింది.

ఆటోనగర్_వైరింగ్ (7:22)
10.1. చూశారుగా. 9 లేదు, 8 లేదు. బ్యాటరీ బాగుంది, వైరింగ్ బాగుంది.

సోల్డరింగ్_మాస్టారు (8:50)
ఆ మీటర్‌ని నమ్మకండి. మామూలు మీటర్ సెకనుకి రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది. సెల్ఫ్ తిరగడం మొదలైన తొలి క్షణంలో పడే గుంత సెకనులో పదో వంతు కూడా ఉండదు. మీటర్ కళ్లు తెరిచేసరికి అది అయిపోతుంది. వోల్టేజీ క్షణక్షణం ఎలా మారిందో గీత గీసి చూపే ఆసిలోస్కోప్ పెడితేనే కనిపిస్తుంది.

ఆటోనగర్_వైరింగ్ (9:04)
10.1 అంటే 10.1 మాస్టారూ. 18 ఏళ్లుగా ఈ మీటర్‌తోనే బండ్లు బాగుచేస్తున్నాను. ఆటోనగర్‌లో ఆసిలోస్కోప్ ఎవరి దగ్గరుందో చెప్పండి, వెళ్లి అడుక్కొస్తాను.

పద్మ_ల్యాబ్ (9:15)
10.1 అనుకున్నా 11.4 కంటే తక్కువే కదా. పవర్ కార్డు దాన్ని సరిచేసేదా కాదా అన్నదే ప్రశ్న. కార్డు ఏదో చెప్పండి దయచేసి.

సీమాస్_సాయి (9:18)
బోర్డు మీద టైమ్, డేట్ నిలబెట్టే సీమాస్ సెల్ మార్చి చూశారా? సీఆర్2032, 3 వోల్టులది.

డాలస్_కారు_పిచ్చి (9:47)
ఇక్కడ ఎండాకాలంలో కారు మూసి పెడితే గంటలో లోపలి వేడి బయటికంటే 20 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. కొత్తగూడెంలో బయటే 44 అంటే లోపల 60 దాటుతుంది. మామూలు బోర్డులు ఆ వేడికి చేసినవి కావు. డాష్‌బోర్డు దగ్గర, వెనక అద్దం కింద పెట్టకుండా సీటు కిందికి దించండి. ఆ రెండో సమస్య సగం తగ్గుతుంది.

ఆటోనగర్_వైరింగ్ (10:30)
నేను మొదటి నుంచీ అంటున్నది అదే, బోర్డే. తమ్ముడూ, మూత విప్పి బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు చూడు. తల ఉబ్బి ఉంటే ఇక మాటల్లేవు.

సోల్డరింగ్_మాస్టారు (11:12)
ఒక్క విషయం ఆలోచించండి. కెపాసిటర్ ముసలిదైతే చలికి మొరాయిస్తుంది, ఎండకి కాదు. వేడెక్కితే దాని లోపలి నిరోధం, మేం ఈఎస్‌ఆర్ అంటాం, తగ్గుతుంది. అలాంటి బోర్డు పొద్దున ఆన్ కాదు, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే ఆన్ అవుతుంది. ఇతనిది అందుకు పూర్తిగా రివర్స్. కాబట్టి మధ్యాహ్నం సమస్య కెపాసిటర్ వల్ల కాదు. ర్యామ్ కాంటాక్టు కావచ్చు, టంకంలో పగులు కావచ్చు, చిప్‌సెట్ వేడెక్కడం కావచ్చు. ర్యామ్ తీసి రబ్బరుతో కాంటాక్టులు రుద్ది మళ్లీ పెట్టమనండి. గతుకుల రోడ్డు మీద తిరిగే బండిలో ముందు చూడాల్సింది అది.

సర్వే_కొత్తగూడెం (మధ్యాహ్నం 1:40)
మూత విప్పాను. 4 పిన్నుల పవర్ సాకెట్ పక్కన రెండు కెపాసిటర్ల తలలు కొంచెం ఉబ్బి ఉన్నాయి. ర్యామ్ రబ్బరుతో రుద్ది పెట్టాను, తేడా లేదు. సాయి గారూ, టైమ్, డేట్ సరిగానే చూపిస్తోంది, సెల్ బాగానే ఉన్నట్టుంది.

ఆటోనగర్_వైరింగ్ (1:44)
అయిపోయింది. బోర్డే. మాస్టారు ఇప్పుడేమంటారు?

సోల్డరింగ్_మాస్టారు (2:20)
ఉబ్బాయంటే ఎవరు ఉబ్బించారు? అది చెప్పండి ముందు. బోర్డు దానంతట అది చావదు. బయట నుంచి వచ్చిందే చంపుతుంది.

ఆటోనగర్_వైరింగ్ (2:31)
అంటే వైరింగ్ చేసినవాడు చంపాడంటారు. ప్రతిసారీ ఇదే పాట. రెండేళ్ల క్రితం ఒక వ్యాన్‌కి వైరింగ్ చేశాను. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టాను, 4 స్క్వేర్ వైరు వేశాను, ఎర్త్ బోల్టు కింద పెయింట్ గీకి మరీ బిగించాను. పది రోజులకి కంప్యూటర్ పోయింది. రిపేరు షాపుకి తీసుకెళ్తే అక్కడి మనిషి బోర్డు వంక చూడకుండానే ‘వైరింగ్ తేడా’ అన్నాడు. ఓనరు నాకు రావాల్సిన 6,000 ఆపేశాడు. నెల తర్వాత ఇంకో షాపులో బోర్డులోనే షార్ట్ ఉందని తేలింది. ఆ 6,000 ఈ రోజుకీ రాలేదు. మీరు టేబుల్ ముందు కూర్చుని ఒక్క మాట అంటారు మాస్టారూ, రోడ్డు మీద కూలి పోయేది మాది.

సోల్డరింగ్_మాస్టారు (3:25)
మీ బాధ నాకు తెలియదనుకోకండి. నాదీ వినండి. ఒక అంబులెన్స్ కంప్యూటర్ బోర్డు నా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. రెండుసార్లు బాగుచేసి ఇచ్చాను, రెండోసారి డబ్బులు కూడా తీసుకోలేదు. మూడోసారి డ్రైవరు షాపు ముందు, నలుగురిలో, ‘నీకు పని రాదు’ అన్నాడు. షట్టర్ దించి అతనితో వెళ్లి బండి చూశాను. ఎర్త్ వైరు సీటు బోల్టుకి, పెయింట్ మీదే బిగించి ఉంది. నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు వేసినవాడిని ఎవరూ ఏమీ అనలేదు. మాట పడింది నేను.

ఆటోనగర్_వైరింగ్ (3:33)
టేపు వేసేవాళ్లంతా ఒకటే అనకండి. నేను టేపు వెయ్యను, హీట్ ష్రింక్ వేస్తాను.

సోల్డరింగ్_మాస్టారు (3:36)
నేనూ బోర్డు చూడకుండా తీర్పు చెప్పే మనిషిని కాను. మీరు మొదటి మాటే ‘బోర్డు మార్చు’ అన్నారు, చూడకుండా!

విన్నకోట_కుర్రాడు (3:41)
అన్నా, ఇదంతా ఎందుకు, ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టేయండి.

పద్మ_ల్యాబ్ (4:02)
మీరిద్దరూ కంప్యూటర్ గురించి మాట్లాడటం ఎప్పుడో మానేశారు. రిపేరు చేశాక వస్తువు తిరిగి వస్తే ఆ ఖర్చు ఎవరిది, ఆ మాట ఎవరు పడాలి, మీ గొడవ అదే. వైరింగ్ వాళ్లకి బోర్డు బిల్లు పడకూడదు, బోర్డు వాళ్లకి వైరింగ్ బిల్లు పడకూడదు. అది న్యాయమే. కానీ దాన్ని ఈయన జీపు మీద తేల్చకండి. ఇక్కడ డబ్బు ఖర్చు పెట్టేది సర్వే గారు.

సర్వే గారూ, ఒక పని చేయండి. ఇంట్లో యూపీఎస్ బ్యాటరీ, 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్లది ఉంటే కంప్యూటర్‌ని దానికి మాత్రమే కలపండి. జీపు బ్యాటరీ నుంచి కంప్యూటర్‌కి వచ్చే ప్లస్ వైరు మాత్రం విప్పేయండి. కంప్యూటర్ ఆన్ చేసి సెల్ఫ్ కొట్టండి. తర్వాత మళ్లీ జీపు బ్యాటరీకి కలిపి, ఇంజన్ నడుస్తుండగా బోర్డు 4 పిన్నుల సాకెట్ దగ్గర పసుపు వైరుకీ (12 వోల్టుల లైన్) నల్ల వైరుకీ (ఎర్త్) మధ్య వోల్టేజీ కొలవండి. ఇంజన్ ఆపి కూడా కొలవండి. కార్డు ఏదో ఇప్పటికి మూడోసారి అడుగుతున్నాను.

సర్వే_కొత్తగూడెం (సాయంత్రం 6:30)
క్షమించండి పద్మ గారూ, ఆ ప్రశ్న చూసి కూడా పట్టించుకోలేదు. కార్డు చిన్నది, 24 పిన్నుల సాకెట్‌లోకి నేరుగా గుచ్చుకునేది. ఆన్‌లైన్‌లో కొన్నాను. దాని మీద ‘డీసీ 12 వోల్ట్’ అని మాత్రమే ఉంది, ఇంత నుంచి ఇంత అని లేదు. బండి కూడా 12 వోల్టులే కదా అని కొన్నాను.

యూపీఎస్ బ్యాటరీతో చూశాను. ఏడుసార్లు సెల్ఫ్ కొట్టాను, ఒక్కసారి కూడా రీస్టార్ట్ కాలేదు. మళ్లీ జీపు బ్యాటరీకి కలిపాను. పసుపు వైరు మీద ఇంజన్ ఆపితే 12.4, ఇంజన్ నడుస్తుంటే 14.3.

పద్మ_ల్యాబ్ (6:48)
అదేనండీ. మీ కార్డు 5, 3.3 వోల్టులే తయారుచేస్తోంది. 12 వోల్టుల లైన్‌ని బ్యాటరీ నుంచి ఉన్నది ఉన్నట్టు బోర్డుకి వదిలేస్తోంది. అడాప్టర్ నుంచి నిలకడగా 12 వోల్టులు వచ్చే చోట వాడాల్సిన రకం ఇది. మంచివాటిలో వోల్టేజీ ఎక్కువైతే దానంతట అదే ఆగే రక్షణ ఉంటుంది, మీదానిలో అదీ లేనట్టుంది. సెల్ఫ్ కొడితే బ్యాటరీ ఎంత పడితే బోర్డుకీ అంత. డైనమో ఛార్జింగ్ చేస్తే 12.6 దాటకూడని చోట 14.3. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ లూజై ఊడితే క్షణంపాటు పదుల వోల్టులు వస్తాయి, అవీ నేరుగా బోర్డుకే.

ఉబ్బిన కెపాసిటర్ల మీద ఎన్ని వోల్టులని ఉంది?

సర్వే_కొత్తగూడెం (6:55)
16వి.

సోల్డరింగ్_మాస్టారు (7:20)
16 వోల్టుల దాని మీద రోజంతా 14.3, పైన 60 డిగ్రీల వేడి. ఉబ్బక ఏం చేస్తాయి? మార్చేటప్పుడు 25 వోల్టులవి, 105 డిగ్రీలవి, తక్కువ ఈఎస్‌ఆర్ రకం వెయ్యండి. అంతే మైక్రోఫారడ్లు ఉండాలి, ఎత్తు పెట్టె మూతకి తగలకూడదు. కానీ కార్డు మార్చకుండా కెపాసిటర్లు మార్చొద్దు, మళ్లీ అవే పోతాయి. బండ్ల కోసం చేసిన కార్డులు వేరే ఉంటాయి. ఎం2-ఏటీఎక్స్ లాంటిది 6 నుంచి 24 వోల్టుల వరకు ఎంత ఇచ్చినా బోర్డుకి సరైన 12 ఇస్తుంది. కీ ఆపాక కాసేపటికి కంప్యూటర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేయించే ఏర్పాటూ అందులోనే ఉంటుంది.

నేను బండి వైరింగ్ అన్నాను. వైరింగ్ కాదు, కార్డు. ఆటోనగర్ గారు వైరు బాగుందన్న మాట నిజం.

ఆటోనగర్_వైరింగ్ (8:15)
మాస్టారూ, మీరు ఆ మాట అన్నారు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. ఇలాంటి చిన్న కార్డే నేను రెండు బండ్లలో కలిపాను. ఓనర్లే తెచ్చి ఇచ్చారు. 12 అని ఉంటే 12కే కదా అని కలిపేశాను, పసుపు వైరు మీద ఎప్పుడూ కొలవలేదు. ఒకటి పెళ్లి వీడియోల వాళ్ల వ్యాన్, ఇంకా తిరుగుతోంది. రేపు ఇద్దరికీ ఫోన్ చేసి బండ్లు తెప్పిస్తాను.

కార్డు మారిస్తే ఎంతవుతుంది? వాళ్లని అడగలేను. సగం నేనే పెట్టుకోవాలి.

సోల్డరింగ్_మాస్టారు (8:31)
బోర్డులు నాకు కొరియర్ చెయ్యండి. కెపాసిటర్లు చూసి పంపుతాను. కూలి వద్దు, సామాను ఖర్చు ఇస్తే చాలు.

డాలస్_కారు_పిచ్చి (8:50)
అందరూ మధ్యాహ్నం సమస్యని వదిలేశారు. సర్వే గారూ, ఆ బోర్డు మీద చిన్న ఫ్యాను తిరుగుతోందా? ఆటమ్ 230తో వచ్చిన చాలా బోర్డుల్లో ప్రాసెసర్‌ది 4 వాట్లే, దాని పక్కనున్న 945జీసీ చిప్‌సెట్‌ది 22 వాట్లు. అందుకే ఫ్యాను ప్రాసెసర్ మీద ఉండదు, చిప్‌సెట్ మీద ఉంటుంది. అది ఆగితే చూసేవాళ్లకి అనుమానం రాదు.

సర్వే_కొత్తగూడెం (9:25)
టార్చి వేసి చూశాను. ఫ్యాను నిండా ఎర్రమట్టి, వేలితో తిప్పితే కూడా గట్టిగా ఉంది. కుంచెతో దులిపి ఒక చుక్క మిషన్ ఆయిల్ వేశాను, ఇప్పుడు తిరుగుతోంది గానీ చప్పుడు చేస్తోంది. కొత్తది దొరికేదాకా ఇదే. కొత్త కార్డు వచ్చేవరకు యూపీఎస్ బ్యాటరీ మీదే నడుపుతాను.

ఫ్యాను వల్లేనో కాదో ఇంకా తెలియదు. రేపు 2 గంటలకి జీపుని ఎండలో, అద్దాలు మూసి పెట్టి ఆన్ చేసి చూస్తాను. ఆ రైతుకి ఎల్లుండి మళ్లీ వస్తానని చెప్పాను.

సీమాస్_సాయి (9:31)
ఎల్లుండికి ముందు ఆ సెల్ కూడా ఒకసారి కొలవండి అన్నా. 2.8 కంటే తగ్గితే మార్చేయండి, పొలంలో ఇబ్బంది ఉండదు.