టామీ జాన్ ఆపరేషన్ తర్వాత ఆండ్రూ పెయింటర్: ఉంచుకోవాలా, వదిలేయాలా?

చేంజప్:
మా డైనస్టీ లీగ్‌లో (నిజమైన బేస్‌బాల్ ఆటగాళ్లను ఏళ్ల తరబడి మన టీమ్‌లో ఉంచుకుని ఆడే ఫాంటసీ ఆట) పిచర్, అంటే బంతి వేసేవాడు, ఆండ్రూ పెయింటర్ నా టీమ్‌లోనే ఉన్నాడు. ఇప్పుడు ఒకాయన అతని బదులు ఒక మంచి కుర్ర షార్ట్‌స్టాప్‌ని (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) ఇస్తానంటున్నాడు, రెండు రోజుల్లో చెప్పాలి, ఏమీ తేల్చుకోలేకపోతున్నాను. 2022లో 19 ఏళ్ల వయసులో ఒకే సీజన్‌లో మైనర్స్‌లో (మేజర్ లీగ్ కింద ఉండే లీగ్‌లు) మూడు లెవెల్స్ ఆడేశాడు, 103 ఇన్నింగ్స్ పైన వేసి 155 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ అవుట్), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కి ఉచితంగా బేస్) 25 మాత్రమే, ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చే పరుగుల సగటు, తక్కువైతే మంచిది) 1.56. ఆరడుగుల ఏడంగుళాల కుర్రాడు అంత కంట్రోల్‌తో వేయడం అరుదు. 2023 స్ప్రింగ్ ట్రైనింగ్‌లో మోచేతి లిగమెంట్ దెబ్బతింది, జులైలో ఆ లిగమెంట్‌ని మార్చే టామీ జాన్ ఆపరేషన్, ఇక 2024 రెగ్యులర్ సీజన్ మొత్తం పోయింది. ఆ ఏడాది చివర్లో అరిజోనా ఫాల్ లీగ్‌లో కనిపించినప్పుడు పాత పెయింటరే వచ్చేశాడనుకున్నా. తీరా 2025లో ట్రిపుల్-ఏలో (మేజర్స్‌కి ఒక్క మెట్టు కింది లెవెల్) ఈఆర్ఏ 5 దాటింది. బంతి వేగం మాత్రం 95 మైళ్ల పైనే ఉంది. వేగం వచ్చాక కూడా కొడుతున్నారంటే అది ఆపరేషన్ వల్ల కొన్నాళ్లు ఉండే ఇబ్బందేనా, లేక మనం 2022లో చూసిన పిచర్ ఇక రాడా?

రిహాబ్‌రూమ్:
నేను ఫిజియోథెరపిస్టుని, మోచేతి కేసులు ఎక్కువగా చూస్తాను. పెయింటర్‌ని దగ్గర నుంచి చూడలేదు కాబట్టి మామూలుగా ఏం జరుగుతుందో చెబుతాను. ఈ ఆపరేషన్‌లో తెగిన లిగమెంట్ స్థానంలో ముంజేతి నుంచో తొడ వెనక నుంచో తీసిన టెండన్‌ని పెట్టి, మోచేతికి పైనా కిందా ఎముకల్లో రంధ్రాలు చేసి బిగిస్తారు. ఆ టెండన్ లిగమెంట్‌గా మారి గట్టిపడడానికి ఏడాది పైనే పడుతుంది. నాలుగైదు నెలలకు మెల్లగా బంతి విసరడం మొదలుపెడతారు, మౌండ్ (పిచర్ నిలబడి బంతి వేసే దిబ్బ) ఎక్కేది ఆ తర్వాత చాలా నెలలకు, మ్యాచ్‌కి వచ్చేసరికి 12 నుంచి 18 నెలలు. ముందు తిరిగొచ్చేది వేగం, ఎందుకంటే అది ఎక్కువగా కాళ్లు, నడుము, భుజం నుంచి వస్తుంది, ఇంటి దగ్గర కూర్చున్న ఏడాదంతా వాటికి వ్యాయామం చేయిస్తూనే ఉంటాం. చివరికి వచ్చేది వేళ్ల దగ్గర బంతి వదిలే అంచనా. చెయ్యి తెలియకుండానే మోచేతిని కాపాడుకుంటుంది, కాస్త పక్కకో కిందికో వదులుతుంది. చేతి దగ్గర ఒక అంగుళం తేడా వస్తే 60 అడుగుల దూరంలో బ్యాటర్ పక్కనుండే ప్లేట్ దగ్గర ఎంత తేడా వస్తుందో ఊహించండి. అందుకే రేడార్ గన్ చూసి 'కోలుకున్నాడు' అంటే నేను ఒప్పుకోను. ఆపరేషన్ చేయించుకుంటే వేగం పెరుగుతుందని కొంతమంది తల్లిదండ్రులు కూడా నమ్ముతారు, అది పూర్తిగా తప్పు, దయచేసి ఎవరూ ప్రచారం చేయకండి.

ఎడమచేతివాటం:
నేనైతే ఇచ్చేస్తాను. ఈ ఆపరేషన్ తర్వాత పిచర్లలో సుమారు 80 శాతం మంది తిరిగి ఆడతారని అందరూ చెబుతారు, నిజమే, కానీ తిరిగి ఆడడం వేరు, మునుపటిలా ఆడడం వేరు. బ్రేడీ ఏకెన్‌ని గుర్తు చేసుకోండి. 2014 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునేది) మొట్టమొదటి పిక్ అయిన పిచర్, మెడికల్ పరీక్షలో మోచెయ్యి మీద అనుమానం వచ్చి హ్యూస్టన్ టీమ్‌తో ఒప్పందం చెడిపోయింది, 2015లో ఆపరేషన్, అయినా క్లీవ్‌ల్యాండ్ 17వ పిక్‌తో తీసుకుంది. మేజర్స్ దాకా రానేలేదు. పైగా 20, 21 ఏళ్ల వయసులో పోయిన రెండేళ్లు మామూలు రెండేళ్లు కాదు, కొత్త పిచ్‌లు నేర్చుకునే వయసు అది.

ఐరన్‌పిగ్స్ అభిమాని:
ఏకెన్ కథ నిజమే కానీ అతనికి వేగమే తిరిగి రాలేదు, పెయింటర్ విషయం అలా కాదు. పిచర్ జేకబ్ డీగ్రామ్ 2010లో డ్రాఫ్ట్ అయిన కొన్ని నెలలకే ఆపరేషన్ చేయించుకున్నాడు, 2011 మొత్తం పోయింది, 2014లో మేజర్స్‌కి వచ్చి రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), తర్వాత రెండు సై యంగ్‌లు (ఉత్తమ పిచర్ అవార్డు). అతనికీ 2023లో రెండోసారి ఆపరేషన్ పడిందనుకోండి, ఆ భయం ఎప్పుడూ ఉంటుంది. కాబట్టి ఒకరి కథ చూసి ఇంకొకరి భవిష్యత్తు చెప్పలేం.

నా బాధల్లా ఆ 5 పైన ఈఆర్ఏని అందరూ ఆపరేషన్ ఖాతాలోనే రాయడం గురించి. 2022లో అతను డబుల్-ఏ (ట్రిపుల్-ఏ కింది లెవెల్) దాకానే వెళ్లాడు. ట్రిపుల్-ఏ అతనికి 2025లోనే మొదటిసారి, అక్కడ మేజర్స్‌లో ఆడి దిగొచ్చిన బ్యాటర్లు చాలామంది ఉంటారు, స్ట్రైక్ జోన్ (సరైన బంతిగా లెక్కించే హద్దు) బయట వేసిన 97 మైళ్ల బంతిని వదిలేస్తారు. బంతి కూడా వేరు, ట్రిపుల్-ఏలో వాడేది మేజర్ లీగ్ బంతి, కింద లెవెల్స్‌లో వేరే బంతి. చేతికి ఆపరేషన్, చేతిలో కొత్త బంతి, ఎదురుగా పెద్దవాళ్లు, మూడూ ఒకే సీజన్‌లో మీద పడ్డాయి.

మీరు చెయ్యాల్సింది ఇదీ: ట్రిపుల్-ఏ స్టాట్‌కాస్ట్ (ప్రతి బంతి వేగం, కదలిక కొలిచే వ్యవస్థ) డేటా అందరికీ దొరుకుతుంది, ఈఆర్ఏ పక్కన పెట్టి దాంట్లో ఫోర్-సీమర్ (నేరుగా వచ్చే ఫాస్ట్‌బాల్) చూడండి. బంతి కిందికి పడకుండా ఎంత నిలబడుతోంది, చెయ్యి ఏ కోణంలో వస్తోంది, ఏప్రిల్‌కీ సెప్టెంబర్‌కీ తేడా ఉందా. 2022 వీడియోలు పక్కన పెట్టుకుని పోల్చండి. చెయ్యి కిందికి దిగి ఫాస్ట్‌బాల్ చదునుగా వస్తుంటే ఎంత వేగం ఉన్నా కొడతారు, కానీ అది కోచ్‌లు సరిచేయగలిగేదే. దాంతోపాటు జోన్ లోపల వేసిన బంతులకు ఎన్ని స్వింగ్‌లు మిస్సవుతున్నాయో, ఐదో ఇన్నింగ్స్‌లో వేగం ఎంత పడిపోతోందో చూడండి. ఇవి బాగుంటే ఉంచుకోండి.

చేంజప్:
చాలా థ్యాంక్స్ అండి, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ తేడా నాకసలు తట్టలేదు. ఒక్క సందేహం, ఫాస్ట్‌బాల్ పాత ఆకారానికి రాకపోతే?

రిహాబ్‌రూమ్:
రాకపోయినా పనికిరాడని కాదు. స్లైడర్ (పక్కకు తిరిగే బంతి), చేంజప్ (నెమ్మదిగా వచ్చి మోసగించే బంతి) ఎక్కువ వేసుకుంటూ మూడో నంబర్ స్టార్టర్‌గా (టీమ్‌లో మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లలో మూడోవాడు) స్థిరపడవచ్చు. ఆ షార్ట్‌స్టాప్ కనీసం అంత విలువైనవాడైతేనే ఇవ్వండి. నా అనుభవంలో ఆపరేషన్ తర్వాత రెండో పూర్తి సీజన్ చూడకుండా ఎవరి గురించీ గట్టిగా చెప్పలేం, అతనికి అది 2026.