సమస్యాపూరణం: సీసీల తేటగీతి

నిర్వాహకుడు: ఈ వారం సమస్య: ‘సీసిపై వచ్చి సీసీకి చిక్కె సీసి’. ఇదే చివరి పాదంగా, మూడు సీసీలకూ వేర్వేరు అర్థాలు వచ్చేలా తేటగీతి పద్యం అల్లాలి. సిమెంటు రోడ్డూ సీసీయే, కెమెరా సీసీయే, ఇంజనుకూ సిరంజికీ సీసీయే (ఒక సీసీ అంటే ఒక మిల్లీలీటరు). కానివ్వండి.

గోదారి గట్టు:

ఊరి కాంక్రీటు బాటపై నుఱికె దొంగ
కంబ మెక్కిన కన్నేమొ కాంచె నంత
బండి నంబరు తోడనే పట్టుబడియె
సీసిపై వచ్చి సీసీకి చిక్కె సీసి

వరుసగా రోడ్డు, కెమెరా, బండి.

నిర్వాహకుడు: ‘కంబమెక్కిన కన్ను’ భలే ఉందండీ. కానీ ఉత్త ‘సీసీ’ అంటే బండి అని ఎవరికి తడుతుంది? వంద సీసీ, నూటయాభై సీసీ అంటాం కదా. మూడో పాదం ‘వందదౌ బండి నంబరు పట్టి యిచ్చె’ అంటే లెక్క కుదురుతుంది.

పాలమూరు పిల్ల:

పొదుపు సంఘాల సభలకు పోవు వేళ
హెల్మెటన్నది పెట్టక యేగుచుండ
ఫోటొ యొక్కటి ఫోనులో పొడమె నయ్యొ
సీసిపై వచ్చి సీసీకి చిక్కె సీసి

చివరి సీసీ మా కమ్యూనిటీ కోఆర్డినేటర్. చలానా ఆయనకే!

గోదారి గట్టు: రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ ‘యే’కీ కుదరాల్సిన పొత్తు) తప్పలేదా అమ్మా?

నిర్వాహకుడు: లేదండీ. హకార యకారాలకు మైత్రి ఉంది, ఎ–ఏ సరే. నాకైతే ఈ పూరణే ముందుంది. డ్వాక్రా సంఘాల్లో ‘సీసీ గారొచ్చారు’ అనేది రోజూ వినే మాటే కదా.

కోర్టు పక్షి:

మెయిలు తెఱువక కూర్చున్న మేటి బంటు
తీర్పు నకలును చదువక తిప్పలాయె
ధిక్కరణ కేసు పడినది తెలియు వేళ
సీసిపై వచ్చి సీసీకి చిక్కె సీసి

కార్బన్ కాపీ, కంటెంప్ట్ కేసు, క్యాంప్ క్లర్కు. హైకోర్టులో సీసీ అంటే ధిక్కరణ కేసు. కింద మేజిస్ట్రేటు కోర్టులో మాత్రం క్యాలెండర్ కేసు.

నిర్వాహకుడు: సరుకు ఘనం, అన్వయం కుంటింది. ‘వచ్చి’, ‘చిక్కె’ రెంటికీ కర్త ఒకరే ఉండాలి. ఇక్కడ వచ్చింది మెయిలు, చిక్కింది క్లర్కు. అన్నట్టు, కార్బన్ కాగితానికి ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1806లో. ఆ కాగితం బల్లల మీద నుంచి పోయినా మెయిల్లో సీసీ గడి మిగిలింది. ఆ ముక్కను పద్యంలోకి ఎవరూ లాగలేదేం?

కోర్టు పక్షి: కర్తను మార్చి మళ్లీ పంపుతా. బ్యాంకు సీసీ కూడా మిగిలే ఉంది.

పద్దుల పంతులు: క్యాష్ క్రెడిట్టా, అదే వ్యాపారులకు బ్యాంకిచ్చే అప్పా? దానికి కెమెరాలెందుకండీ, సంతకం పెట్టి మరీ చిక్కుకుంటారు.