పనివాళ్ల ముఖాలు స్కాన్ చేసే గేటు నాచేత పెట్టిస్తున్నారు, ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో 120 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా అని అసోసియేషన్ వాళ్లు నాకో పని అంటగట్టారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, డ్రైవర్లు, పాలబ్బాయి ఇకనుంచి ముఖం స్కాన్ చేయించుకుంటేనే లోపలికి. ఓనర్లకు మాత్రం మామూలు స్టిక్కరే. (ఈ తేడా గురించి మీటింగ్‌లో ఒక్కరూ నోరు మెదపలేదు, నాతో సహా.)

మా ఇంట్లో అంట్లు తోమే ఆమె నిన్న అడిగింది: "నా ఫోటో ఎవరి దగ్గరుంటది సారూ? నేను పని మానేస్తే తీసేస్తరా?" జవాబు చెప్పలేకపోయాను. మిషన్ అమ్మే కంపెనీవాళ్లేమో "సర్వర్లో సేఫ్ సార్" అన్నారంతే. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ముఖం పోతే?

2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023 డేటా రక్షణ చట్టమేమో సమ్మతి స్వేచ్ఛగా, షరతుల్లేకుండా ఉండాలంటోంది. ఒప్పుకోకపోతే పని పోతుందనే భయంతో పెట్టే సంతకం సమ్మతి ఎలా అవుతుంది?

సెక్రటరీ గారిని పూర్తిగా తప్పుపట్టలేను. పోయిన నెల రెండు ఫ్లాట్లలో దొంగతనం జరిగింది. దొంగెవరో తేలలేదు, అనుమానం మాత్రం పనివాళ్ల మీదే.

మీ దగ్గర ముఖం స్కాన్ లేకుండా కార్డుతోనో, రిజిస్టర్‌తోనో నడుస్తోందా? పని మానేసినవాళ్ల డేటా తీసేయాలని కంపెనీతో ఒప్పందంలో ఎలా రాయించుకున్నారు? ఒకామె వెంట సెలవుల్లో పదిహేనేళ్ల కూతురు కూడా వస్తుంది. 18 ఏళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల అనుమతి కావాలి కదా, అది ఎలా తీసుకోవాలి? ఆదివారం మళ్లీ మీటింగ్ ఉంది, ఈలోపు చెప్పగలరు.