పీసీఓఎస్ ఉంటే చికెన్, అన్నం రెండూ మానేయాలా?

ప్రశ్న:
నమస్తే అండి, నాకు 27, పోయిన నెలే పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల అండాశయాలకి వచ్చే సమస్య) అని తేలింది, ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం, ఉందని మెట్‌ఫార్మిన్ రాశారు. మా అత్తయ్యగారేమో బ్రాయిలర్ కోళ్లకి హార్మోన్ ఇంజెక్షన్లు పొడుస్తారు, చికెన్ ముట్టుకోకు అంటారు, మా ఆడపడుచు అన్నం మానేసి చపాతీలే తినమంటుంది. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర అవుతుంది, అన్నం లేకపోతే నాకు తిన్నట్టే ఉండదు. గబగబా అయ్యే వంట ఏదైనా చెప్పండి ప్లీజ్.

జవాబు 1:
చెల్లీ, నాకు ఆరేళ్లుగా ఉంది, నేను రెండూ తింటున్నా. చపాతీ అయినా పిండిపదార్థమే కదా, లెక్క చూసుకోకుండా నాలుగు తింటే ఏం లాభం. నేను చేసేది మెంతికూర చికెన్. ఇద్దరికి 300 గ్రాములు స్కిన్ తీసేసినది, పొద్దున్నే పెరుగు, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేసి వెళ్తా. రాత్రి రెండు చెంచాల నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక చికెన్ వేసి మూత పెట్టి సన్న మంట మీద ఇరవై నిమిషాలు, ముక్క మెత్తబడ్డాక రెండు కట్టల మెంతికూర తరిగి వేసి ఇంకో ఐదు నిమిషాలు. జీడిపప్పు పేస్టు అవీ వద్దు. ముందు కీరా ముక్కలు, కాస్త చికెన్ తిని తర్వాత అన్నం కలుపుకో, అలా తింటే షుగర్ ఒక్కసారిగా పెరగదు. అన్నం ఒక కప్పు చాలు, ఇదే అన్నిటికంటే ముఖ్యం.

జవాబు 2:
మాకు కోళ్ల షెడ్లు ఉన్నాయండి. హార్మోన్లు ఇవ్వరు, వేల కోళ్లకి రోజూ సూదులు వేయడం ఎవరివల్లా కాదు కూడా. నలభై రోజుల్లో రెండు కేజీలు వచ్చేది జాతి వల్ల, దాణా వల్ల. అనుమానం పడాల్సింది యాంటీబయాటిక్స్ గురించి, అవి కొన్నిచోట్ల ఇష్టమొచ్చినట్టు వాడతారు. బాగా ఉడికించి తినండి, అత్తయ్యగారికి కూడా నెమ్మదిగా చెప్పండి.

జవాబు 3:
మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు, నాకు అలాగే తగ్గి కాళ్లు తిమ్మిర్లు వచ్చాయి. డాక్టర్‌ని అడిగి టెస్ట్ చేయించుకోండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి.

ప్రశ్న అడిగినావిడ:
అక్కా థాంక్యూ, ఇవాళే చేశా, మావారు కూడా ఇష్టంగా తిన్నారు. దంపుడు బియ్యంతో చేస్తే గట్టిగా ఉండిపోయింది, ఏం చేయాలి?

జవాబు 1:
చికెన్‌కి పొద్దున పట్టించేటప్పుడే బియ్యం కూడా కడిగి నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్. గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానివ్వు.