జీతంలో తిండికి ఎంత పోతోంది? ఎక్కడివాళ్ళు అక్కడి లెక్క చెప్పండి

పచ్చిపులుసు (హైదరాబాద్): 2023 జూలై గుర్తుందా? టమాటా కిలో 150 పెట్టి కొన్నాను, తిట్టుకుంటూనే. మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఆ నెలంతా చింతపండుతో గడిపింది. ధర ఇద్దరికీ ఒకటే కదా! బయట దేశాల్లో ఎలా ఉంటుంది?

డల్లాస్ బావ: అదే నెల 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. ఇక్కడ ఇండియన్ స్టోర్లో మనిషికి ఒక్క బస్తానే అన్నారు. మా ఆవిడనీ అమ్మనీ వేరే వేరే లైన్లలో నిలబెట్టి మూడు సోనామసూరి బస్తాలు తెచ్చా. ఒకదానికి పురుగు పట్టింది, అది వేరే కథ. నిజానికి ధర రెట్టింపైనా మేం అన్నం మానం. అమెరికాలో చేతికొచ్చే ఆదాయంలో తిండికి పోయేది సగటున 10-11 శాతమే. అందులోనూ దాదాపు సగం బయట తినడానికే.

కడపోడు (కువైట్): జీతం లెక్క వద్దన్నా. ఇంటికి పంపాక మిగిలేదే మా ఆదాయం. రూములో ఆరుగురం, మెస్సు డబ్బులు తలా ఇంత. ఊళ్ళో కోడికూర ఆదివారమే, ఇక్కడ బ్రెజిల్ ఫ్రోజెన్ కోడి చవక, మంచి కూరగాయలే ప్రియం. వంకాయ కూర వండిన రోజు మాకు పండగ. రేషన్ కార్డు ఇక్కడా ఉంది, కాకపోతే కువైటీలకు!

లెక్కల మాస్టారు: 1857లోనే ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త చెప్పాడు, ఆదాయం పెరిగేకొద్దీ ఖర్చులో తిండి వాటా తగ్గుతుందని. మన దేశంలో పల్లెల్లో అది 1999-2000లో 59 శాతం, 2022-23లో 46. ధాన్యాల వాటా అయితే 22 నుంచి 5కి పడింది. ఆ డబ్బులో కొంత పండ్లకీ చిరుతిళ్ళకీ మళ్ళింది.

పచ్చిపులుసు: రేషన్ బియ్యం ఊరికే వస్తుంటే ధాన్యం వాటా పడదా మాస్టారూ?

లెక్కల మాస్టారు: పడుతుంది, మంచి ప్రశ్న. కానీ ఉచితంగా వచ్చినవాటికి వెల కట్టి కలిపినా మొత్తం తిండి వాటా 47 దగ్గరే ఉంది.

డల్లాస్ బావ: అంటే బియ్యం ధర పెరిగినా అక్కడా అంత దెబ్బ లేదన్నమాట?

పచ్చిపులుసు: ఇందాకే ఆవిడను అడిగా బావా. "బియ్యం రేషన్ల వస్తది, టమాటకు చింతపండు ఉంది. కూరగాయలన్నీ ఎక్కినయ్ గదా, ఆ నెల బంద్ పెట్టింది పిల్లల పాలు" అంది.