క్యారేజ్ రిటర్న్‌ని మనం ఏమందాం?

మన ఊళ్ల మాటలన్నీ ఒక ఫైల్‌లో పోగేస్తున్నాం కదా. మొన్న ములుగు వైపు నుంచి వచ్చిన జాబితాని దాంట్లో కలిపి, రెండేసి సార్లు ఉన్నవి తీసేయమని కంప్యూటర్‌కి చెప్పాను. ‘సద్ది’ రెండూ అలాగే ఉన్నాయి. ‘కైకిలి’ కూడా. ఎంత చూసినా తేడా కనపడదు.

విమ్ అనే ఎడిటర్‌లో తెరిస్తే దొరికింది. ఒక ‘సద్ది’ చివర టోపీ గుర్తు, దాని పక్కన ఎమ్. అదే క్యారేజ్ రిటర్న్, వరుస చివర వచ్చే కనపడని గుర్తు. కంప్యూటర్ లెక్కలో దాని నంబరు 13. ఎమ్ ఇంగ్లిష్‌లో 13వ అక్షరం కదా, అందుకే అలా చూపిస్తుంది. విండోస్ వరుస చివర 13, దాని వెనక 10 (కొత్త వరుస గుర్తు) రెండూ పెడుతుంది. యూనిక్స్ అనే ఇంకో సిస్టమ్‌కి 10 చాలు, 13ని మాటలో భాగం అనుకుంటుంది.

దీనికి మన మాట ఏదైనా ఉందా?

– క్యారేజ్ అంటే మా ఇంట్ల అన్నం డబ్బానే! రిటర్న్ అంటే సాయంత్రం ఖాళీ డబ్బా ఇంటికి వచ్చుడు.

– నవ్వులాట కాదు గానీ దగ్గరికే వచ్చావు తమ్మీ. హన్మకొండలో టైపు నేర్చుకున్నాను. కాగితం పట్టుకున్న బండి ఎడమకి జరుగుతూ పోతుంది, గంట కొడుతుంది, లివర్‌తో కుడివైపు తోస్తాం. ఆ బండే క్యారేజ్. అదే తోపుకి కాగితం కూడా పైకి జరుగుతుంది. తీగ మీద వచ్చిన సందేశాన్ని కాగితం మీద కొట్టే టెలిప్రింటర్‌లో ఈ రెండు పనులకీ వేరే వేరే గుర్తులు పెట్టారు, గొడవంతా అక్కడిదే.

– అట్లయితే ‘సాలు మర్లుడు’ అందాం సార్.

– నాగలి మర్లినంక వచ్చేటప్పుడు కూడా దున్నుతది గదా అన్నా. ఈ బండి ఉత్తగనే వస్తది.

– అయితే ‘ఉత్త మర్లుడు’!

– పేరు సరే, తీసేసుడెట్ల?

– ఈ గుర్తులు తీసేసే డాస్‌టుయూనిక్స్ ప్రోగ్రామ్ ఉంటే ఒక్క కమాండ్. లేకపోతే అక్షరాలు మార్చే, తీసేసే టీఆర్ కమాండ్‌కి హైఫన్ డీ పెట్టి, కోట్స్‌లో బ్యాక్‌స్లాష్ ఆర్ ఇవ్వు. ఫలితం మాత్రం వేరే పేరుతో దాచుకో. అదే ఫైల్‌లోకి మళ్లిస్తే చదవకముందే ఖాళీ అయిపోతుంది. నాకు ఒకసారి ఒక రోజు పని అలాగే పోయింది.

– అందరికీ థాంక్స్. స్క్రిప్ట్‌కి ‘ఉత్తమర్లు’ అని పేరు పెట్టి నడిపాను. ‘సద్ది’ ఒక్కటే మిగిలింది. ‘కైకిలి’ మాత్రం ఇంకా రెండుంది. చూస్తే ఒకదాని వెనక స్పేస్. అది నేను కొట్టిందే.