జర్మనీలో ఓపేర్‌గా మొదటి నెల: ఏ పని ముందు, ఏది తర్వాత?

వేకువచుక్క:
అందరికీ నమస్తే. ఓపేర్ (అక్కడి ఇంట్లో ఉండి, వాళ్ల పిల్లల్ని చూసుకుంటూ భాష నేర్చుకునే) వీసా చేతికొచ్చింది, ఇంకో రెండు వారాల్లో ప్రయాణం. నేను వెళ్లే ఇంట్లో పిల్లలిద్దరు, ఒకరికి మూడేళ్లు, ఇంకొకరికి ఆరేళ్లు. జర్మన్ భాషలో ఏ1 (మొదటి మెట్టు పరీక్ష) పాసయ్యాను గానీ గబగబా మాట్లాడితే సగం బుర్రకెక్కదు. వీసా దాకా ఏం చేయాలో ఎక్కడ చూసినా ఉంది, దిగాక ఏం చేయాలో మాత్రం వరసగా చెప్పేవాళ్లు దొరకలేదు. ఏ కాగితం ముందు, ఏది తర్వాత? పని గంటల గురించి ఇంటివాళ్లతో ఎలా మాట్లాడాలి? నాకసలే మొహమాటం ఎక్కువ.

కాగితాలసంచి:
అన్నిటికంటే ముందు పని ఆఫీసులో కాదండీ, గుమ్మం దగ్గరే ఉంది. దిగిన రోజే తపాలా పెట్టె మీద మీ ఇంటిపేరు అతికించమనండి. అక్కడ పోస్టాయన చూసేది పెట్టె మీద పేరు. అది లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో, ట్యాక్స్ నంబరు మరో కవర్లో వస్తాయి. ఒక్కటి తప్పిపోయినా వారాలు పోతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి.

తర్వాత ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయాలి. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ అంత త్వరగా దొరకదు, అందుకే మీరు బయల్దేరకముందే బుక్ చేయమని ఇంటివాళ్లకి రాయండి. పాస్‌పోర్టుతో పాటు ‘వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్’ కావాలి. పేరు చూసి బెదరకండి, ‘ఈమె మా ఇంట్లో ఉంటోంది’ అని ఇల్లిచ్చినవాళ్లు సంతకం చేసే ఒక్క పేజీ ఫారం. ఒప్పంద పత్రం దానికి బదులుకాదు. నమోదయ్యాక ఇచ్చే కాగితానికి నాలుగు కాపీలు తీసి పెట్టుకోండి, బ్యాంకులో అడుగుతారు, వీసా ఆఫీసులో అడుగుతారు.

మూడోది ఔస్‌లెండర్‌బెహోర్డె, విదేశీయుల ఆఫీసు. వీసా మీద చివరి తేదీ చూసుకోండి, చాలామందికి కొన్ని నెలలకే ఇస్తారు. ఆ తేదీ దాటకముందే రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు చేరిపోవాలి. ముందే చేరితే, నిర్ణయం వచ్చేదాకా మీ హక్కు కొనసాగుతుంది, దానికి ఫిక్ట్సియోన్స్‌బెషైనిగుంగ్ అనే కాగితం ఇస్తారు. ఒక్కరోజు ఆలస్యమైనా వ్యవహారం చిక్కుపడుతుంది. ఆ కాగితం మీద దేశం దాటే ముందు మాత్రం అందులో ఏ గడిలో టిక్ ఉందో ఆఫీసులో అడగండి. కొన్ని రకాల వాటితో బయటికెళితే తిరిగి రానివ్వరు.

ఇంకోటి. నమోదయ్యాక రేడియో, టీవీ రుసుము కట్టమని మీ పేరున ఉత్తరం వస్తుంది. కంగారుపడి కట్టేయకండి. ఆ రుసుము మనిషికి కాదు, ఇంటికి. ఇంటివాళ్ల కంట్రిబ్యూషన్ నంబరు రాసి జవాబు పంపితే సరిపోతుంది. అలాగని పక్కన పడేస్తే మాత్రం బాకీ పెరుగుతుంది.

గంటలలెక్క:
మొహమాటం సంగతి నేను చెబుతాను. రోజుకి ఆరు గంటలు, వారానికి 30 గంటలు, అంతే. రాత్రిపూట పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం కూడా అందులోకే. చేతిఖర్చుకి నెలకి 280 యూరోలు, భాష కోర్సుకి నెలకి 70 యూరోలు విడిగా ఇంటివాళ్లే ఇవ్వాలి. హెల్త్, యాక్సిడెంట్, లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా వాళ్ల ఖర్చే. వారానికి ఒకటిన్నర రోజు సెలవు, నెలలో ఒక ఆదివారమైనా పూర్తిగా మీది. ఏడాదికి నాలుగు వారాల సెలవు, ఆ రోజులకీ చేతిఖర్చు వస్తుంది.

ఎక్కడ గురి తప్పుతుందంటే, ముక్కలు ముక్కలుగా పడే పనిలో. ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది, మధ్యాహ్నం రెండున్నర నుంచి ఆరున్నర. చూడ్డానికి తక్కువే, కూడితే రోజుకి అయిదున్నర, అయిదు రోజులకి ఇరవై ఏడున్నర. శనివారం రాత్రి వాళ్లు ఏడింటికి బయటికెళ్లి పదకొండింటికి వచ్చారా, ముప్పై ఒకటిన్నర అయిపోయింది. ఎవరూ కావాలని దోచుకోలేదు, ఎవరూ కూడలేదు, అంతే.

అందుకే మొదటి ఆదివారమే వారం పట్టిక రాసి ఫ్రిజ్ మీద పెట్టండి. ‘క్యోనెన్ వియర్ డెన్ వొఖెన్‌ప్లాన్ ఆన్‌షౌఎన్?’ అని అడిగితే చాలు, వారం ప్లాన్ ఒకసారి చూద్దామా అని అర్థం. అక్కడ అది నిష్ఠూరంగా వినబడదు. పైగా నెలల తరబడి ఊరుకుని ఒక్కరోజు భగ్గుమంటేనే వాళ్లకి అర్థం కాదు. ‘శనివారం నాలుగు గంటలు కలుస్తున్నాయి, శుక్రవారం రెండు తగ్గిద్దామా?’ అని అంకెతో చెప్పండి.

పిల్లల బట్టలు ఉతకడం, వాళ్ల టిఫిను, వాళ్ల గది సర్దడం మీ పనే. ఇల్లంతా కిటికీలు తుడవడం, తోటపని, ముసలివాళ్లకి సేవ మీ పని కావు.

మాట్ష్‌హోజె:
పిల్లల విషయం ఎవరూ ఎత్తలేదు. మూడేళ్ల పాపని కీటా (బడి వయసు రాని పిల్లల డే కేర్) నుంచి తీసుకురావాలంటే తల్లిదండ్రులు అక్కడ మీ పేరు రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. లేకపోతే పాప మిమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చినా టీచర్ పంపదు. మొదట్లో కొన్ని రోజులు పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. వానైనా పిల్లల్ని బయట ఆడిస్తారు కాబట్టి బురద ప్యాంటు (నా పేరు అదే!), రబ్బరు బూట్లు, మార్చడానికి ఒక జత బట్టలు, అన్నిటి మీద పాప పేరు ఉండాలి.

కారులో 12 ఏళ్ల లోపు, 150 సెంటీమీటర్ల కంటే పొట్టి పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి, సందు చివరిదాకా అయినా సరే. సైకిల్ మీద ఎనిమిదేళ్లు నిండేదాకా పిల్లలు పేవ్‌మెంట్ మీదే తొక్కాలి, 16 నిండిన పెద్దవాళ్లు పక్కనే తొక్కవచ్చు. డ్రైవింగ్ చేయమంటే: మన లైసెన్సు అక్కడ స్థిరపడిన రోజు నుంచి ఆరు నెలలే చెల్లుతుంది, దానికి అనువాదం ఉండాలి. ఏడాదికి మించి ఉండనని చూపిస్తే పొడిగింపు అడగవచ్చు.

గడ్డిలో, అడవిలో ఆడొచ్చాక మోకాలి వెనక, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదట్లో పిడుదు (టిక్, రక్తం పీల్చే చిన్న పురుగు) పట్టిందేమో చూడండి. పట్టుకుంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి, నూనె రాయకూడదు. తేదీ రాసి ఇంటివాళ్లకి చెప్పండి. తర్వాతి వారాల్లో చుట్టూ ఎర్రటి వలయం వస్తే డాక్టరు చూడాల్సిందే.

వేకువచుక్క:
చాలా థ్యాంక్స్ అండీ. ఒక్కటి అడగనా, ఇల్లు సరిపడకపోతే మారవచ్చా? వీసా పోతుందా?

కాగితాలసంచి:
మారవచ్చు, కానీ మొత్తం కలిపి ఏడాదే. మీ పర్మిట్ ఓపేర్ పనికే ఇచ్చారు కాబట్టి చెప్పకుండా ఇల్లు వదలొద్దు. ఒప్పందంలో నోటీసు ఎన్ని రోజులో చూడండి, మామూలుగా రెండు వారాలు. ఆ రోజుల్లోనే కొత్త ఇంటి ఒప్పందం, కొత్త ఇన్సూరెన్స్ సిద్ధం చేసుకుని విదేశీయుల ఆఫీసుకి తెలపాలి. కొత్త చిరునామాకి మళ్లీ ఆన్‌మెల్డుంగ్. అక్కడి తెలుగు కుటుంబాల వైపు చూడకండి: ఇంట్లో జర్మనే మాట్లాడినా, అది వాళ్ల మాతృభాష కాకపోతే, వాళ్ల స్వదేశం నుంచి వచ్చినవాళ్లని ఓపేర్‌గా ఒప్పుకోరు. ఈ పర్మిట్ మీద మధ్యలో పక్క ఉద్యోగం కూడా కుదరదు.

గంటలలెక్క:
పాస్‌పోర్టు ‘భద్రంగా దాస్తాం’ అన్నా ఇవ్వకండి. ఏజెన్సీ లేకుండా వెళ్లినా ఇన్ వియా, ఫౌ ఇ యోట్ (VIJ) అనే సంస్థలు ఓపేర్లకి సలహా ఇస్తాయి. ఇంట్లో ఎవరైనా చేయి చేసుకున్నా, హద్దు మీరినా 116 016కి ఫోన్ చేయండి. ఆడవాళ్ల కోసమే, రాత్రీ పగలూ ఉచితం, చాలా భాషల్లో మాట్లాడతారు. ప్రాణాపాయమైతే 112. రాత్రిపూట జ్వరంలాంటిదైతే 116117. ఈ మూడూ ఫోన్‌లో ఇవాళే పెట్టేసుకోండి.